తెలుగు టైపు చేసే చేతులకు సొంత కీబోర్డు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: నేను ఖమ్మంలో ఇంటి నుంచే అనువాదాలు, ప్రూఫ్ రీడింగ్ పని చేస్తుంటాను. రోజులో ఎక్కువ భాగం ఇన్‌స్క్రిప్ట్‌లో (భారతీయ భాషలకు ప్రామాణికంగా ఇచ్చిన కీబోర్డు అమరిక) తెలుగు, మిగతా సమయం ఇంగ్లీషు టైపు చేస్తాను. సాయంత్రమయ్యేసరికి కుడిచేతి చిటికెన వేలు, మణికట్టు లాగుతున్నాయి. రెండు చేతులకూ విడివిడిగా మీటలుండే చిన్న కీబోర్డులను వీడియోల్లో చూశాక, నా చేతికి తగ్గట్టు ఒకటి నేనే డిజైన్ చేసుకోవాలనిపించింది. 34 మీటల డిజైన్ ఒకటి బాగా నచ్చింది. నేను చదివింది కామర్స్, ఎలక్ట్రానిక్స్ తెలియదు. నేరుగా సర్క్యూట్ బోర్డు గీయడం నేర్చుకుని ఆర్డరు పెట్టమంటారా? తెలుగుకు వేరే చిప్పు ఏమైనా కావాలా? వైరు లేకుండా చేసుకోవచ్చా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: మీ ఉత్తరంలో అన్నిటికంటే ముందు పట్టించుకోవలసింది నొప్పి సంగతి. కీబోర్డు మార్చడం వైద్యం కాదు కనుక, వేలిలో తిమ్మిరి గాని, రాత్రిపూట మణికట్టు నొప్పి గాని ఉంటే డిజైన్ పని పక్కనపెట్టి ముందు డాక్టరుకు చూపించుకోండి. ఆ పని జరుగుతుందన్న నమ్మకంతోనే మిగతా విషయాలు రాస్తున్నాను.

తెలుగుకు వేరే చిప్పు అక్కర్లేదు. కీబోర్డుకు తెలుగూ తెలియదు, ఇంగ్లీషూ తెలియదు. మీరు ‘కె’ అని రాసి ఉన్న మీట నొక్కినప్పుడు కీబోర్డు కంప్యూటరుకు పంపేది అక్షరాన్ని కాదు, 14 అనే ఒక సంఖ్యను మాత్రమే. యూఎస్‌బీ ప్రమాణంలో ‘ఎ’ మీటకు 4, ‘బి’కి 5, ఆ వరుసలోనే ‘కె’కి 14 అని నిర్ణయించారు. ఆ 14ను అందుకున్న విండోస్ లేదా లినక్స్, ఆ క్షణాన ఎంపికలో ఉన్న భాషను బట్టి, ఇంగ్లీషు అయితే ‘కె’ అనీ, ఇన్‌స్క్రిప్ట్ అయితే ‘క’ అనీ తెరమీద వేస్తుంది. అందువల్ల మీరు తయారు చేసుకునే కీబోర్డు చేయవలసిన పని ఒక్కటే: మీకు కావలసిన సంఖ్యలన్నీ మీ వేళ్లకు సులువుగా అందే చోట ఉంచడం. ఈ ఒక్క విషయం స్పష్టమైతే, డిజైన్ మొదలుపెట్టవలసింది చిప్పుల దగ్గర కాదని, మీరు రోజూ నొక్కే మీటల దగ్గరని మీకే అర్థమవుతుంది.

మీకు నచ్చిన 34 మీటల డిజైన్‌ను నేను వద్దంటున్నది కూడా ఇందుకే. అలాంటి బోర్డులో ఒక్కో చేతికి మూడు అడ్డవరసలు, అయిదు నిలువువరసలు, బొటనవేలికి రెండు మీటలు ఉంటాయి. ఇంగ్లీషుకు ఉన్నవి 26 అక్షరాలే కనుక ఇంగ్లీషు టైపు చేసేవాళ్లకు అది సరిపోతుంది. ఇన్‌స్క్రిప్ట్‌లో మాత్రం ‘డ’ అక్షరం ‘పి’ మీటకు కుడిపక్కనున్న చదరపు బ్రాకెట్ మీద, ‘ట’ అక్షరం సెమికోలన్ పక్కనున్న కొటేషన్ మీట మీద, ఒత్వం ‘ఒకటి’ అంకెకు ఎడమవైపున్న మూల మీట మీద ఉన్నాయి. ఈ మూడూ అయిదు నిలువువరసల పరిధికి బయటే పడతాయి. ‘ఇప్పుడు’, ‘ఉంటుంది’, ‘కొత్త’ వంటి మాటలు రాయవలసి వచ్చిన ప్రతిసారీ మరో మీటను నొక్కి పట్టుకుని ఇంకో లేయర్‌లోకి (అవే మీటలకు ఇచ్చిన రెండో అర్థాల్లోకి) వెళ్లవలసి వస్తే, వారం తిరక్కుండానే ఆ బోర్డు అటకెక్కుతుంది. వీడియోల్లో కనిపించే డిజైన్లలో అత్యధికం ఇంగ్లీషు టైపు చేసేవాళ్లు తమ అవసరానికి చేసుకున్నవని గుర్తుంచుకోండి. వాళ్లకు ఏ మాత్రం పనికిరాని మూల మీట మనకు ఒత్వం.

మీ చిటికెన వేలు ఎందుకు లాగుతున్నదో ఊహించడం కూడా కష్టం కాదు. ఇన్‌స్క్రిప్ట్‌లో అచ్చులు, గుణింతపు గుర్తులు ఎడమచేతికి, హల్లుల్లో ఎక్కువ భాగం కుడిచేతికి వచ్చేటట్టు అమర్చారు. చేతులు ఒకదాని తర్వాత ఒకటి కదిలే ఈ పద్ధతి చాలా మంచిదే గాని, కుడి చిటికెన వేలి వాటాకు జ, డ, చ, ట, య అన్నీ వచ్చాయి. వీటికి తోడు ఎంటర్, బ్యాక్‌స్పేస్, కుడి షిఫ్ట్ కూడా మామూలు కీబోర్డులో ఆ వేలి నెత్తినే ఉన్నాయి. ఎడమవైపు మాటకొస్తే, పొల్లు గుర్తు ‘డి’ మీట మీద, అంటే మధ్యవేలు సహజంగా నిలిచే చోటే ఉంది. ‘ఎక్కడ’ అని టైపు చేసి చూడండి: షిఫ్ట్‌తో ‘జడ్’ నొక్కితే ‘ఎ’, తర్వాత కె, డి, కె, చివర చదరపు బ్రాకెట్. ఒత్తులు ఇంత విరివిగా ఉండే భాషలో పొల్లుకు అంత మంచి చోటు ఇచ్చారు కనుక దాన్ని కదపవద్దు. కదపవలసినవి అక్షరాలు కాని మీటలు. బ్యాక్‌స్పేస్‌ను, ఎంటర్‌ను కుడి బొటనవేలి కిందికి, షిఫ్ట్‌ను ఎడమ బొటనవేలి కిందికి తెచ్చుకుంటే చిటికెన వేలికి అక్షరాలు మాత్రమే మిగులుతాయి. ణ, ళ, శ, ష, మహాప్రాణాలు, అచ్చులు అన్నిటికీ షిఫ్ట్ కావాలి కాబట్టి, ఇంగ్లీషు టైపు చేసేవారికంటే మనకు బొటనవేలి షిఫ్ట్ వల్ల కలిగే మేలు ఎక్కువ.

దీన్ని పరీక్షించడానికి ఇప్పుడే పైసా ఖర్చు పెట్టనక్కర్లేదు. విండోస్‌కు మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే పవర్‌టాయ్స్‌లో కీబోర్డ్ మేనేజర్ అనే భాగం ఉంది. దానిలో స్పేస్ బారుకు కుడిపక్కనున్న ఆల్ట్ మీటను బ్యాక్‌స్పేస్‌గా మార్చి రెండు మూడు వారాలు పనిచేయండి. మొదట్లో చెయ్యి పాత చోటుకే పోతుంది, తర్వాత అలవాటవుతుంది. చిటికెన వేలికి తేడా తెలిస్తే మీ డిజైన్‌లో మొదటి నిర్ణయం అయిపోయినట్టే. తెలియకపోతే, కొత్త బోర్డు మీద డబ్బు పెట్టేముందు ఒకసారి ఆగి ఆలోచించవలసిన అవసరం ఉంది.

నా సలహా 42 మీటల బోర్డు. చేతికి ఆరు నిలువువరసలు, మూడు అడ్డవరసలు, బొటనవేలికి మూడు మీటలు. కుడివైపు ఆరో వరసలో డ, ట పడతాయి. ఎడమవైపు చివరి వరసలో ఒత్వానికి చోటు దొరుకుతుంది. అంకెలు, బాణం గుర్తులు, ఫంక్షన్ మీటలు మాత్రం లేయర్‌లోకి పోతాయి. అనువాదకులకు అది పెద్ద ఇబ్బంది కాదు. లెక్కల పని ఎక్కువగా ఉన్నవారికైతే ఇదే సలహా ఇచ్చేవాడిని కాదు.

ఇక కొలతలు. ఈ రంగంలో ఎక్కువమంది మీటల కింద వాడే చెర్రీ ఎమ్‌ఎక్స్ తరహా స్విచ్చులకు ఒక మీట నడిమధ్య నుంచి పక్క మీట నడిమధ్యకు దూరం 19.05 మిల్లీమీటర్లు, అంటే ముప్పావు అంగుళం. మామూలు కీబోర్డులో ‘ఎ’ వరస ‘క్యూ’ వరసకంటే పావు మీట, ‘జడ్’ వరస ‘ఎ’ వరసకంటే అర మీట కుడికి జరిగి ఉంటాయి. ఇది చేతి సౌకర్యం కోసం చేసినది కాదు. పాత టైప్‌రైటర్లలో ప్రతి మీట కింద నుంచీ ఒక లోహపు కడ్డీ లోపలికి పోవాలి కనుక, ఒకదానికొకటి తగలకుండా వరసలను పక్కకు జరిపారు. కడ్డీలు పోయినా ఆ వంకర అలాగే మిగిలిపోయింది. సొంతంగా డిజైన్ చేసుకునేవారు అడ్డవరసలను జరపడం మాని, నిలువువరసలను వేళ్ల పొడవును బట్టి పైకీ కిందికీ జరుపుతారు. మధ్యవేలి వరస అన్నిటికంటే పైన, చిటికెన వేలి వరస అన్నిటికంటే కింద ఉంటుంది.

ఎంత జరపాలన్నది మీ చెయ్యే చెప్పాలి. తెల్ల కాగితాన్ని మీరు రోజూ కూర్చునే బల్లమీద పెట్టి, భుజాలు వదులుగా ఉంచి చెయ్యి దానిమీద ఆనించి, వేళ్ల కొసలు ఎక్కడ నిలుస్తున్నాయో వేరొకరి చేత చుక్కలు పెట్టించండి. మీరే పెట్టుకోబోతే చెయ్యి బిగుసుకుంటుంది. తర్వాత వేళ్లను ముందుకు చాపి ఒకసారి, వెనక్కి ముడిచి ఒకసారి చుక్కలు పెట్టించండి. అట్టముక్కలను 19 మిల్లీమీటర్ల చతురస్రాలుగా కత్తిరించి ఆ చుక్కలమీద పేర్చితే మీ బోర్డు ఆకారం దానంతట అదే కనిపిస్తుంది. బొటనవేలి దగ్గర ప్రత్యేకంగా జాగ్రత్తపడాలి. బొటనవేలిని అరచేతి కిందికి ముడిచి నొక్కవలసిన మీట చూడటానికి ముచ్చటగా ఉన్నా నొప్పిని చిటికెన వేలి నుంచి బొటనవేలికి మార్చడం తప్ప ఇంకేమీ చేయదు. అట్టముక్కలమీద నాలుగైదు పేరాలు టైపు చేస్తున్నట్టు నటించి చూడండి. నవ్వులాటగా అనిపిస్తుంది గాని, ఏ మీట దూరమైందో ఇట్టే తెలిసిపోతుంది. ఆ ఆకారాన్ని కంప్యూటరులోకి ఎక్కించడానికి ఎర్గోజెన్ అనే ఉచిత సాధనం ఉంది. వరసల మధ్య దూరాలను మామూలు టెక్స్టుగా రాసి ఇస్తే, అది స్విచ్చులు బిగించే ప్లేటు గీతలను, బోర్డు నమూనాను తయారుచేసి ఇస్తుంది.

రెండు చేతులకూ పూర్తిగా విడివిడి ముక్కలు మొదటిసారికి వద్దు. ఒకే పలకమీద, రెండు భాగాల మధ్య ఖాళీ వదిలి, కొద్దిగా ఏటవాలుగా తిప్పి అమర్చితే మణికట్లు నిటారుగా నిలుస్తాయి, కంట్రోలర్ (నొక్కిన మీటను గుర్తించి కంప్యూటరుకు సంఖ్య పంపే చిన్న చిప్పు బోర్డు) ఒకటే సరిపోతుంది. విడి ముక్కలైతే రెండు కంట్రోలర్లు, వాటిని కలిపే కేబులు కావాలి. సాధారణంగా వాడే హెడ్‌ఫోన్ తరహా కేబులును కరెంటు ఉండగా పీకినా పెట్టినా లోపలి తీగలు ఒకదానికొకటి తగిలి కంట్రోలర్ కాలిపోయే ప్రమాదం ఉంది.

సర్క్యూట్ అన్నది మీరు భయపడినంత కష్టం కాదు. 42 మీటలకు 42 తీగలు లాగనక్కర్లేదు. రెండు చేతులవీ కలిపి, బొటనవేలి మీటలను నాలుగో అడ్డవరసగా తీసుకుని, మీటలను నాలుగు అడ్డవరసలు, పన్నెండు నిలువువరసలుగా అల్లితే పదహారు తీగలతో పని జరుగుతుంది. కంట్రోలర్ ఒక్కో అడ్డవరసను పలకరించి, ఏ నిలువువరస నుంచి బదులొచ్చిందో చూసి, ఆ రెండూ కలిసే చోటనున్న మీట నొక్కి ఉందని తెలుసుకుంటుంది. ఇది సెకనుకు వందల సార్లు జరుగుతుంది. అయితే ఇందులో ఒక చిక్కుంది. ఎఫ్, ఆర్, జె మూడూ ఒకేసారి నొక్కి ఉన్నాయనుకోండి. కరెంటు ఆ మూడు స్విచ్చుల గుండా చుట్టు తిరిగి వచ్చి, ఎవరూ నొక్కని ‘యు’ కూడా నొక్కి ఉన్నట్టు చూపిస్తుంది. వేగంగా టైపు చేసేటప్పుడు ఒక మీట వదలకముందే ఇంకోటి నొక్కడం సహజం కనుక, ఇన్‌స్క్రిప్ట్‌లో ‘జె’ మీదున్న ‘ర’ పక్కన, ‘యు’ మీదున్న, మీరు అడగని ‘హ’ వచ్చి కూర్చుంటుంది. దీన్ని ఆపడానికే ప్రతి స్విచ్చుకూ ఒక డయోడ్ పెడతారు. కరెంటును ఒక్క దిక్కుకే పోనిచ్చే ఈ చిన్న గాజు గింజ పేరు 1ఎన్4148. ధర రూపాయో రెండు రూపాయలో ఉంటుంది. దానిమీద ఒక చివర నల్లటి గీత ఉంటుంది. ఆ గీతలన్నీ అడ్డవరస తీగ వైపే ఉండాలి. ఒక్కటి తిరగబడినా ఆ మీట పనిచేయదు.

ఇది చదివి అర్థం చేసుకోవడం ఒక ఎత్తు, చేసి చూడటం ఒక ఎత్తు. అందుకే ముందు తొమ్మిది మీటల చిన్న బోర్డు ఒకటి చేతితో తీగలు కలిపి తయారు చేయండి. మూడు అడ్డవరసలు, మూడు నిలువువరసలు, ఆరు తీగలు, తొమ్మిది డయోడ్లు, రాస్ప్‌బెర్రీ పై పికో అనే చిన్న కంట్రోలర్ ఒకటి చాలు. పికో కొన్ని వందల రూపాయలకే వస్తుంది. ఆన్‌లైన్‌లో తెప్పించుకోవచ్చు, హైదరాబాదు వెళ్లే పని ఉంటే కోఠి గుజరాతీ గల్లీలో డయోడ్లు, తీగ, సోల్డరింగ్ ఐరన్, మల్టీమీటర్ అన్నీ ఒకేచోట దొరుకుతాయి. పలక కోసం మందపాటి అట్టలో 14 మిల్లీమీటర్ల చదరపు రంధ్రాలు కోసినా సరిపోతుంది. స్విచ్చులను బోర్లించి, ఒక్కో డయోడ్ కాలును స్విచ్చు పిన్ను చుట్టూ ఒక మెలిక తిప్పి సోల్డర్ చేయండి. డయోడ్ల రెండో కాళ్లను ఒకదానిమీదికి ఒకటి వంచి కలిపితే అదే అడ్డవరస తీగ అవుతుంది. నిలువువరసలకు మాత్రం తొడుగున్న తీగ వాడి, అతికే చోట మాత్రమే తొడుగు తీయాలి. లేకపోతే రెండూ తగులుకుంటాయి. ఐరన్‌ను ముందు పిన్నుకు ఆనించి, అది వేడెక్కాక సోల్డర్ తీగను పిన్నుకు తాకించాలి. ఐరన్ కొసమీద కరిగించి పూస్తే అతుకు మసకగా, ముద్దగా నిలిచి కొన్నాళ్లకు ఊడిపోతుంది. కిటికీ తెరిచి పెట్టుకోండి. పని అయ్యాక చేతులు కడుక్కోండి, మామూలు సోల్డర్‌లో సీసం ఉంటుంది.

కంప్యూటరుకు తగిలించేముందు మల్టీమీటర్‌ను డయోడ్ గుర్తు దగ్గర పెట్టి, ఒక్కో మీట నొక్కుతూ నిలువువరసకు ఎర్ర కొసను, అడ్డవరసకు నల్ల కొసను తాకించండి. 0.6 దరిదాపుల్లో అంకె కనిపిస్తే అతుకు బాగున్నట్టు. తర్వాత పికో మీదున్న బూట్‌సెల్ గుండీని నొక్కి పట్టుకుని యూఎస్‌బీ తగిలిస్తే అది పెన్‌డ్రైవ్‌లా తెరుచుకుంటుంది. ఫర్మ్‌వేర్ (కంట్రోలర్‌ లోపల నడిచే ప్రోగ్రాము) ఫైలును అందులోకి లాగి వదిలితే పని పూర్తయినట్టే. ఫర్మ్‌వేర్‌కు క్యూఎమ్‌కే వాడండి. ఉచితం, చాలా ఏళ్లుగా ఎందరో వాడి మెరుగుపరిచినది. ఏ తీగ ఏ పిన్నుకు వెళ్లిందో ఒక ఫైలులో రాసి ఇస్తే మిగతా పని అది చూసుకుంటుంది. దానికి అనుబంధంగా వచ్చిన వయల్‌ను ఎక్కిస్తే, మీటల అర్థాలను ఫర్మ్‌వేర్‌ను మళ్లీ మళ్లీ తయారుచేసి ఎక్కించకుండా తెరమీదే మార్చుకోవచ్చు. ఒక మీట మాత్రమే పలకకపోతే డయోడ్ తిరగబడిందనో అతుకు సరిగా లేదనో అర్థం. వరస మొత్తం పలకకపోతే ఆ వరస నుంచి పికోకు వెళ్లే తీగను చూడండి. ఒక నొక్కుకు రెండు అక్షరాలు పడుతుంటే స్విచ్చు లోపలి రేకులు కలిసేటప్పుడు అదురుతున్నాయన్నమాట. క్యూఎమ్‌కే మామూలుగా 5 మిల్లీసెకన్లు ఆగి చూస్తుంది. దాన్ని కాస్త పెంచితే తగ్గుతుంది.

ఈ తొమ్మిది మీటలు ఆటబొమ్మ కాదు. ఒకదానిమీద విండోస్, స్పేస్ కలిపి పెట్టుకుంటే తెలుగు నుంచి ఇంగ్లీషుకు మారడం ఒక్క నొక్కుతో అయిపోతుంది. ఇంకోదానిమీద కె, డి, షిఫ్ట్‌తో కామా వరసగా పంపే మ్యాక్రో పెట్టుకుంటే ‘క్ష’ ఒక్కసారే పడుతుంది. కీబోర్డు పంపేది సంఖ్యలే కనుక, అది ఇన్‌స్క్రిప్ట్ ఎంపికలో ఉన్నప్పుడు మాత్రమే ‘క్ష’ అవుతుంది. ప్రూఫ్ దిద్దేటప్పుడు వాడే కాపీ, పేస్ట్, అన్‌డూ, తర్వాతి తప్పుకు వెళ్లడం వంటివి మిగతా వాటిమీద పెట్టుకోవచ్చు. 42 మీటల బోర్డు వచ్చాక కూడా ఇది మీ బల్లమీదే ఉంటుంది.

ఆ తర్వాత 42 మీటలదాన్ని కూడా మొదటిసారి చేతి తీగలతోనే చేయమంటాను. దానికి గట్టి ప్లేటు కావాలి. స్విచ్చు పక్కలనున్న కొక్కేలు పట్టుకోవాలంటే ప్లేటు మందం రంధ్రం దగ్గర 1.5 మిల్లీమీటర్లు ఉండాలి. 3డీ ప్రింటులో ప్లేటు మందంగా చేసినా రంధ్రం అంచును మాత్రం అంతకు తగ్గించాలి. హైదరాబాదు రాయదుర్గంలో 2023 మార్చిలో ప్రారంభమైన టీ-వర్క్స్ ఇటువంటి నమూనాల తయారీ కోసం ఏర్పాటైనదే. కాకపోతే మీ ఊళ్లో నేమ్‌ప్లేట్లకు అక్రిలిక్ కోసే లేజర్ దుకాణంలో అడిగినా కోసి పెడతారు. ముందు ఒక్క రంధ్రం కోయించి స్విచ్చు బిగించి చూశాకే మిగతావి కోయించండి. స్విచ్చుల విషయంలో ఎక్కువగా తర్జనభర్జన పడవద్దు. వేలు లాగుతున్నదంటున్నారు కనుక 45 గ్రాముల దరిదాపుల్లో కదిలే లీనియర్ రకం (మధ్యలో తట్టకుండా నున్నగా దిగేవి) తీసుకోండి. చప్పుడు చేసే రకం ఇంట్లోవాళ్లు ఒప్పుకుంటేనే. స్విచ్చులమీద తొడిగే కీక్యాపుల్లో డీఎస్‌ఏ, ఎక్స్‌డీఏ వంటి అన్ని వరసలకూ ఒకే ఎత్తున్న రకం తీసుకుంటే ఏ మీటనైనా ఎక్కడికైనా మార్చుకోవచ్చు. పొడవాటి స్పేస్ బారు పెట్టుకోకపోతే దాన్ని నిలబెట్టే స్టెబిలైజర్ల గొడవే ఉండదు.

కొన్ని వారాలు దానితో పనిచేశాక, అట్టముక్కలప్పుడు కనిపించని లోపాలు ఒకటి రెండు బయటపడతాయి. చేతి తీగల బోర్డులో అవి మార్చుకోవడానికి కొత్త ప్లేటు కోయించుకుంటే సరిపోతుంది. సర్క్యూట్ బోర్డు అయితే కర్మాగారాలు సాధారణంగా అయిదింటికి తక్కువ ఆర్డరు తీసుకోవు కనుక, తప్పు జరిగితే అయిదు బోర్డుల్లోనూ జరిగి ఉంటుంది. మీటల చోట్లు ఇక మారవని నమ్మకం కుదిరాకే, సర్క్యూట్ బోర్డులు గీసే కీక్యాడ్ అనే సాఫ్ట్‌వేర్ నేర్చుకోవడం మొదలుపెట్టండి. అప్పటికి సర్క్యూట్ మీ చేతితో ఒకసారి కలిపి చూసినదే కనుక, అందులో నేర్చుకోవలసింది గీయడం ఒక్కటే. ఆర్డరు పెట్టేముందు బోర్డును అసలు కొలతలో కాగితంమీద ప్రింటు తీసి, స్విచ్చునూ కంట్రోలర్‌నూ దానిమీద గుచ్చి చూడండి. స్విచ్చులు పైవైపు, సాకెట్లు అడుగువైపు ఉండే డిజైన్లలో కుడిఎడమలు తారుమారు కావడం అందరికీ తగిలే దెబ్బే.

ఇక వైరు లేకుండా చేసుకోవడం. చేసుకోవచ్చు, కాని పికో మీద కాదు. బ్లూటూత్ కీబోర్డులకు ఎన్ఆర్ఎఫ్52840 చిప్పున్న కంట్రోలర్, జెడ్‌ఎమ్‌కే అనే వేరే ఫర్మ్‌వేర్, లిథియం బ్యాటరీ కావాలి. బ్యాటరీ వచ్చిందంటే దాని తీగలు తారుమారు కాకుండా చూసుకోవడం, అది నలిగిపోకుండా పెట్టెలో చోటు వదలడం వంటి జాగ్రత్తలూ వస్తాయి కనుక మొదటి బోర్డుకు వైరే మేలు. అయితే సర్క్యూట్ బోర్డు గీసేటప్పుడు కంట్రోలర్ చోటును ప్రో మైక్రో అనే చిన్న కంట్రోలర్ ఆకారానికి గీసి, దాన్ని నేరుగా సోల్డర్ చేయకుండా సాకెట్లలో గుచ్చేటట్టు పెట్టుకోండి. ఆ ఆకారంలో వాడుకోదగిన పిన్నులు 18 ఉంటాయి, మీకు కావలసినవి 16. పికోలోని చిప్పుతోనే ఆ ఆకారంలో వచ్చే కంట్రోలర్లు ఉన్నాయి, బ్లూటూత్‌తో వచ్చే నైస్‌నానో కూడా అదే ఆకారంలో ఉంటుంది. ముందు వైరుతో వాడి, ఏడాది తర్వాత వైరు తీసేయాలనిపిస్తే, పాతదాన్ని సాకెట్లోంచి పీకి కొత్తదాన్ని గుచ్చి, జెడ్‌ఎమ్‌కేకు మీ మీటల పట్టికను మళ్లీ రాసి ఇస్తే సరిపోతుంది.